గోల్ఫ్ కార్టు గూటికి తలుపు

ఇంట్లో ఇది ఆడవాళ్ళ పని, ఇది మగవాళ్ళ పని అని గీత గీసిందెవరో గానీ, అమెరికాలో ఆ గీత సరిగ్గా గరాజ్ గుమ్మం మీద పడుతుంది. ఇవతల వంటిల్లు. అవతల డ్రిల్లు, రంపం, స్క్రూల డబ్బాలు. వాషింగ్ మెషీన్ గరాజ్‌లో ఉన్న ఇళ్ళల్లో కూడా మనం బట్టలు తీసుకుని వెనక్కి వచ్చేస్తాం తప్ప ఆ గోడకి వేలాడే సామాను వైపు చూడం. ఈసారి రాస్తున్నది ఆ గోడ సంగతే. మా గోల్ఫ్ కార్టు ముందు భాగంలో ఉన్న రెండు గూళ్ళకి తలుపులు చేసుకోవడం గురించి. నవ్వేవాళ్ళు కాసేపు నవ్వుకుని రండి, నేనిక్కడే ఉంటాను.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం ముందుగా కాస్త చెప్పాలి. మేముండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి నైరుతి దిక్కున 30 మైళ్ళ దూరంలో, పీచ్‌ట్రీ సిటీ అనే ఊళ్ళో. 1959లో ఏర్పడిన ఊరు. ఇక్కడ కార్లు రాని దారులు 100 మైళ్ళకి పైనే ఉన్నాయి. చెట్ల మధ్యనుంచి, చెరువుల పక్కనుంచి, పెద్ద రోడ్డు అడ్డం వస్తే దాని కింద సొరంగంలోంచి వెళ్ళిపోతాయి. ఆ దారుల మీద నడిచేవాళ్ళు, సైకిళ్ళు, గోల్ఫ్ కార్టులు. కర్ర పట్టి బంతి కొట్టడం జన్మలో తెలియని మాలాంటివాళ్ళకి కూడా కార్టు ఉంటుంది. పాలకీ, కూరలకీ, లైబ్రరీకీ, ఈతకొలనుకీ అన్నిటికీ అదే. హైస్కూలు పిల్లలు అందులోనే స్కూలుకి పోతారు, మెకింతాష్ హైస్కూల్లో ఆ బళ్ళకి ప్రత్యేకంగా పార్కింగ్ కూడా ఉంది. మన ఊళ్ళల్లో స్కూటీ ఎలాగో ఇక్కడ ఇది అలాగ. కాగితాల మీద మావారి పేరు, తిరిగేది మాత్రం మేం ముగ్గురు ఆడవాళ్ళం: నేను, మా అమ్మాయి, ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారు.

ఈ బండి పుట్టింది గోల్ఫ్ మైదానం కోసం. పేరున్న కంపెనీలు ఈ-జీ-గో, క్లబ్ కార్ రెండూ మా రాష్ట్రంలోనే, ఆగస్టా వైపు ఉన్నాయి. స్టీరింగుకి అటూ ఇటూ ఒక్కో గూడు పెట్టి తెరిచి వదిలేస్తారు. ఆటగాడికి బంతి, స్కోరుకార్డు, క్యాను చటుక్కున తీయడం, చటుక్కున పెట్టడం కావాలి, తలుపుంటే అతనికి అడ్డం. వాళ్ళ లెక్క వాళ్ళకి సరిపోయింది. ఇంటి బండి లెక్క వేరు. మా గూళ్ళల్లో ఉండేవి ఇంటి తాళాలు, లైబ్రరీ కార్డు, అత్తగారి చూపు కళ్ళజోడు, టిష్యూలు, మడిచిన గుడ్డసంచీ, తినేసిన చాక్లెట్ కాగితాలు. మలుపు తిరిగితే సగం కాళ్ళ మీద పడతాయి. చెట్ల వేళ్ళు పైకి లేచి దారి ఉబ్బిన చోట ఎగిరితే మిగతా సగం. మార్చి నెలాఖర్నించి ఏప్రిల్ దాకా పైన్ చెట్ల పుప్పొడి ఒకటి. ఎవరో ఊరి మీద పసుపు డబ్బా బోర్లించినట్టు ఉంటుంది. గూట్లో చెయ్యి పెడితే పేరంటానికి వెళ్ళొచ్చిన చెయ్యిలా బయటికొస్తుంది. వేసవికి కందిరీగలు. ఆ గూళ్ళ మూలలంటే వాటికి ఎంత ఇష్టమో!

తలుపులు కొనుక్కోవచ్చు కదా అంటారు. దొరుకుతాయి. తాళాలతో సహా ముందు భాగం మొత్తం కప్పేసే సెట్లు అమ్ముతారు, నకిలీ చెక్క గీతలవీ, నల్లగా మెరిసేవీ. కొన్నిటి ధర వంద డాలర్లు దాటుతుంది. ఒక మోడల్‌కి చేసింది ఇంకో మోడల్‌కి పట్టదు, పాత బళ్ళయితే వెతుక్కోవాల్సిందే. మావారు ఫోన్లో అలాంటిదే ఒకటి తీసి చూపించారు. డబ్బు సంగతి తర్వాత. ఆ బొమ్మలో తలుపుకి చిటికెన వేలి గోరంత మీట ఉంది. మా అత్తగారి వేళ్ళు కీళ్ళవాతంతో వంకర తిరిగాయి. మాత్రల సీసా మూతే ఆవిడ తీయలేరు. ఆ మీట నొక్కి, లాగి, కళ్ళజోడు తీసుకుని, మళ్ళీ మూయడం ఆవిడ వల్ల అవుతుందా? కాదు. అప్పుడేమవుతుంది? కళ్ళజోడు కావాలన్నప్పుడల్లా "అమ్మాయ్, కాస్త తీసిపెడతావా" అనాలి. అడగడం ఇష్టంలేక ఒళ్ళో పెట్టుకుని కూచుంటారు. మనిషి ముందున్న గూడు మనిషికి అందకుండా పోవడం అంటే అదే.

అందుకే నా మాట ఇది. సామాను ఎక్కడ పెట్టాలో, ఎవరి చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో, ఎవరి వేళ్ళకి ఏది తెరుచుకుంటుందో తెలిసిన మనిషి ఆ తలుపు చేయాలి. ఇంట్లో ఆ మనిషి మనమే. పోపులపెట్టెలో ఆవాల గిన్నె ఎటుండాలో ఎవరూ కంపెనీ పెట్టి చెప్పలేదు కదా.

చేయడం అంటే భయపడక్కర్లేదు, మొదటి సగం జాకెట్టు పనే. గూడు నోరు ఎప్పుడూ సరైన దీర్ఘచతురస్రంగా ఉండదు. మూలలు గుండ్రంగా, కింద అంచు కొంచెం వంపుగా, ఎడమదానికీ కుడిదానికీ తేడాగా ఉంటుంది. టేపు పెట్టి కొలతలు రాసుకునే బదులు పాత సీరియల్ అట్టపెట్టె చింపి గూటి నోటికి ఆనించి, వేలితో అంచు చుట్టూ నొక్కితే గీత పడుతుంది. ఆ గీత మీద కత్తిరించి, పెట్టి చూసి, మళ్ళీ కత్తిరించడం. పేపరు మీద జాకెట్టు నమూనా తీసినవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. రెండు అట్టల మీదా కుడి, ఎడమ అని రాసి, బయటివైపు ఏదో గుర్తు పెట్టుకోవాలి. తిరగేస్తే చంకభాగం తారుమారైనట్టే ఇదీ తారుమారవుతుంది.

ఇక దేంతో చేయాలి. ప్లైవుడ్ అందరికీ తెలుసు, కోయడం తేలిక. కానీ పక్కలు తెరిచి ఉన్న బండి మీద జార్జియా వానలకి అంచుల్లోంచి నీరు పీల్చి పొరలు విడిపోతాయి. అంచులన్నీ రంగుతోనో వార్నిష్‌తోనో మూసేస్తేనే నిలుస్తుంది. అక్రిలిక్ షీటు అద్దంలా ముద్దుగా ఉంటుంది గానీ, చిల్లు అంచుకి దగ్గరగా వేస్తే పగులు తీస్తుంది. నేను ఎంచుకున్నది వంటింటి సరుకే. కూరలు తరిగే ప్లాస్టిక్ పలక ఉంటుందే, అదే జాతి. హెచ్‌డీపీఈ అంటారు. పడవల్లో అరలకీ తలుపులకీ ఇదే రకం ప్లాస్టిక్‌ని ఎండకి తట్టుకునేలా చేసి పెద్ద షీట్లుగా అమ్ముతారు. మామూలు తెల్ల పలక ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే పెళుసెక్కుతుంది కాబట్టి ఆ పడవల రకమే మంచిది. నీళ్ళకి ఉబ్బదు, పుచ్చదు, తుడిస్తే పోతుంది. దాని మీద జిగురు పట్టదు, రంగూ నిలవదు. అందుకని దానికి బిగించేవన్నీ బోల్టులతోనే బిగించాలి. పావు అంగుళం మందం చాలు. జిగ్‌సాతో కోసేటప్పుడు తొందరపడకూడదు, వేడెక్కితే ప్లాస్టిక్ కరిగి కోసిన గీత వెనకాలే మళ్ళీ అతుక్కుపోతుంది. అంచులు ఉప్పుకాగితంతో రుద్దుకోవాలి, అత్తగారి చెయ్యి తగిలేది అక్కడే.

షీటు కొనడానికి ఇద్దరం ఒక షాపుకి వెళ్ళాం. మందం, పళ్ళ రకం, బందుల పొడవు అడిగింది నేను. ఆ అబ్బాయి ప్రతి జవాబూ మావారి మొహంలోకి చూసి చెప్పాడు. మావారు "ఆవిడే చేస్తోంది" అన్నాక కూడా రెండు నిమిషాలు నా వైపు చూసి, తర్వాత మళ్ళీ ఆయనకే బిల్లు అందించాడు. ఇది అమెరికా జబ్బు అనుకోకండి. బెజవాడలో టైల్స్ షాపులో మా అక్కకి ఇదే అనుభవం, కాకపోతే అక్కడ కూల్‌డ్రింక్ ఇచ్చారు.

బందులు పైన పెట్టాలా కింద పెట్టాలా అన్నది అసలు చర్చించాల్సిన విషయం. కొనే సెట్లలో చాలావాటికి కిందనే ఉంటాయి, తలుపు ముందుకి వాలుతుంది. చూడ్డానికి కారు డ్యాష్‌బోర్డులా బాగుంటుంది. అయితే గొళ్ళెం ఒకరోజు వదులైతే దారి కుదుపుకి తలుపు దానంతటదే తెరుచుకుని మోకాళ్ళ మీద పడుతుంది. పైన బందులుంటే గొళ్ళెం విరిగినా తలుపు తన బరువుకి తను మూసుకునే ఉంటుంది. తీసేటప్పుడు ఒక చేత్తో ఎత్తి పట్టుకోవాలి, అంతే నష్టం. పొడవుగా ఉండే పియానో బందు గూటి వెడల్పుకి కోసి పైన బిగిస్తే తలుపు బరువు అంతటా సమానంగా పడుతుంది. తుప్పు పట్టని స్టీలుదే కొనాలి. పట్టి ఉంచడానికి ఓ చిన్న అయస్కాంతం చాలు. లాగడానికి పిడి బదులు పాత బ్యాగు పట్టీ కోసి రెండు కొనలూ ఒకే బోల్టు కింద బిగించి ఉచ్చులా వదిలాను. నాలుగు వేళ్ళూ దూరతాయి. వేళ్ళు ముడవలేనివాళ్ళకి పిడి కంటే ఉచ్చు మేలు. ఇది ఏ సెట్లోనూ చూడలేదు.

బండి ఒంటి ప్లాస్టిక్ పల్చన. ఒట్టి స్క్రూ పెడితే నెల రోజుల కుదుపుకి చిల్లు పెద్దదై ఊడొస్తుంది. బోల్టు వేసి, లోపలివైపు వెడల్పు వాషరు, వదులు కాని నైలాన్ నట్టు వేయాలి. పొడుచుకొచ్చిన కొనల మీద టోపీ నట్టు తొడగాలి, గూట్లో చెయ్యి పెట్టేది చూడకుండానే కదా. తలుపు లోపలి అంచు చుట్టూ, ఇంటి తలుపుల సందులకి అంటించే ఫోమ్ పట్టీ బండి వైపు అంటిస్తే టకటక చప్పుడు పోతుంది, పుప్పొడీ లోపలికి రాదు. గూటి అడుగున రెండు చిన్న చిల్లులు నీళ్ళు దిగడానికి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. చిల్లు పెట్టేముందు వెనక ఏముందో చూడకుండా డ్రిల్లు పెట్టకండి. ఆ గూళ్ళ వెనకే తాళం తీగలు, లైట్ల తీగలు పోతాయి. కరెంటు బండి అంటే బొమ్మ కాదు. సీటు కింద ఆరు బ్యాటరీలు, 36 వోల్టులో 48 వోల్టులో. చాలా బళ్ళల్లో సీటు కింద రన్, టో అని స్విచ్ ఉంటుంది, పని మొదలుపెట్టేముందు టో వైపు తిప్పాలి. బ్యాటరీల దగ్గర చెయ్యి పెట్టే పనుంటే గాజులు, ఉంగరాలు, మెళ్ళో గొలుసు తీసి పక్కన పెట్టాలి. రెండు కొసలకి లోహం తగిలితే నిప్పే. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు జాకెట్టు లోపలికి వేసి పైన కాలరు చొక్కా గుండీ పెట్టుకోండి. అసలు చేసేటప్పుడే కాదు, ఎక్కినప్పుడూ అంతే. పక్కలకి తలుపుల్లేని బండి, చీర కొంగూ చున్నీ ఒళ్ళోకి లాక్కుని కూర్చోవాలి, చక్రం దగ్గర వేలాడనివ్వకూడదు.

తలుపు పెట్టాక గూడు లోపల వేడి కూడా పెరుగుతుంది. జూలై ఎండలో నిలబెట్టిన బండిలో మూసిన గూడు పొయ్యి మీద గిన్నెలాంటిదే. మందులు, పవర్ బ్యాంకు, స్ప్రే సీసాలు అందులో వదిలేయకూడదు. అత్తగారి మాత్రలు ఆవిడ చేతి సంచీలోనే ఉంటాయి, గూట్లో కళ్ళజోడు, చేతిరుమాలు, పిప్పరమెంట్లు.

ఆవిడ మొదట్లో ఒప్పుకోలేదు. "వడ్రంగం మనకెందుకమ్మా, డబ్బు లేకనా" అన్నారు. ఈ మాట మీద నాకు కోపం లేదు గానీ అభిప్రాయం ఉంది. మన ఇళ్ళల్లో చదువంటే చేత్తో పని చేయకుండా తప్పించుకునే దారి అనే లెక్క ఒకటి పాతుకుపోయింది. రంపం పట్టినవాడికి కూలి ఇచ్చాం, కాఫీ వేరే గ్లాసులో ఇచ్చాం. ఆ లెక్కతోనే ఇంజనీర్లని పెంచాం, వాళ్ళకి ఇంట్లో కుళాయి వాషరు మార్చడం రాదు. నా కూతురు అలా పెరగడం నాకిష్టం లేదు. చేత్తో చేసే పని తెలిస్తే చేత్తో చేసేవాళ్ళ విలువ తెలుస్తుంది అని నేను నమ్ముతాను, వేరే గ్లాసు ఎందుకు తప్పో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇదంతా ఆవిడతో వాదించలేదు. పని మొదలుపెట్టాను, అంతే. రెండో రోజుకి గరాజ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచున్నారు. వాళ్ళ ఇంటి అటక తలుపు ఊళ్ళో వడ్రంగి ఎలా చేశాడో చెప్పడం మొదలుపెట్టారు. ఒక కన్ను మూసి చెక్క అంచు వెంబడి ఎలా చూసేవాడో చేత్తో చూపించారు. "చుట్టూ సందు వదిలావా? వానాకాలం తలుపు బిగుసుకుంటుంది" అన్నారు. నూటికి నూరుపాళ్ళు సరైన ప్రశ్న. చెక్క వానకి ఉబ్బుతుంది, ఈ ప్లాస్టిక్ ఎండకి పెరుగుతుంది. కారణం వేరైనా సందు వదలాల్సిందే, చుట్టూ ఎనిమిదోవంతు అంగుళం. ఎనభై ఏళ్ళ మనిషికి ఇంత తెలుసు. వడ్రంగం మనకెందుకు అన్న మనిషే.

గూళ్ళు రెండే. పంచుకోవడం దగ్గరే ఇంట్లో అసలు గొడవ. కుడిది అత్తగారిది, అందులో చర్చ లేదు. ఎడమది నాది అన్నాను. చేసినవాళ్ళకి ఒకటి ఉండొద్దా? ఇంట్లో అందరి సామానుకీ చోటు చూసి, మన సామాను హ్యాండ్‌బ్యాగు అడుగున కుక్కుకుని తిరగడం మనకి అలవాటైపోయింది. మా అమ్మకి బీరువా లోపలి అర ఒకటుండేది, తాళంచెవి బొడ్లో దోపుకునేది. మేం పెద్దయ్యాక ఆ అరలో మా సర్టిఫికెట్లు చేరాయి, ఆ తర్వాత నాన్న ఇన్సూరెన్సు కాగితాలు. అమ్మ వస్తువులు ఎటుపోయాయో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మా అమ్మాయికి పదహారు. "స్కూలుకి రోజూ తీసుకెళ్ళేది నేను, ఎడమది నాకే కావాలి, తాళంతో" అంటుంది. తాళం మీద నాకు నమ్మకం లేదు. ఈ బళ్ళల్లో, ముఖ్యంగా పాతవాటిలో, ఒకే కంపెనీవి చాలావాటికి ఒకే తాళంచెవి పడుతుంది. బండి తాళమే అంత ముచ్చటగా ఉంటే గూటి తాళం దొంగనేం ఆపుతుంది? దాన్ని పెకలించడానికి ఓ స్క్రూడ్రైవరు చాలు, పైగా తలుపు కూడా పాడవుతుంది. విలువైనవి బండిలో వదలకూడదు, అంతే.

"దొంగ కోసం కాదమ్మా, నీ కోసం" అంది.

ఇది విన్నాక ఏం చెప్పాలో మీరే ఆలోచించండి. నేనైతే, అడగకుండా అత్తయ్య గూడు నేనెప్పుడూ తీయను, నీదీ తీయను అన్నాను. "అది నాకు ఎలా తెలుస్తుంది?" అంది. న్యాయంగా చూస్తే తాళం అడిగే హక్కు ఆ పిల్లకి ఉంది. తల్లి మాట మీదే బతకాల్సిన వయసు దాటుతోంది. అలాగని నా గూడు ఇచ్చేయను. పిల్లలు అడిగారు కదా అని అర ఖాళీ చేయడం ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుందో మా అమ్మ బీరువాలో చూశాను. అందుకని మధ్యేమార్గం చెప్పాను. వెనక సీటు కింద కాళ్ళు పెట్టుకునే చోట ఓ ఖాళీ ఉంది, అక్కడ నీ పెట్టె నువ్వే చేసుకో, తాళం కూడా నువ్వే బిగించుకో, రెండు తాళంచెవులూ నీ దగ్గరే పెట్టుకో. డ్రిల్లు నేను పట్టుకుంటాను, తీగలెటున్నాయో ముందు చూపిస్తాను, కొలతలు మాత్రం నీవి. మావారికి ఇది నచ్చలేదు. ఒక తాళంచెవి ఇంట్లో ఉండాలంటారు. ఆయన గూడు గురించి ఆయన్ని ఎవరూ అడగలేదని లోపల కాస్త బాధ ఉన్నట్టుంది.

రెండు చెవులూ దానికే ఇవ్వాలా, ఒకటి అట్టిపెట్టుకోవాలా అన్నది ఇంకా తేలలేదు. అట్ట నమూనా మాత్రం తయారైంది. నాలుగు రోజులుగా మా డైనింగ్ టేబుల్ మీదే ఉంది, కంచాలు పక్కకి జరుపుకుని తింటున్నాం.